రైలు, ఆఫీసు, వంటిల్లు: రోజంతా స్మరణ తెగకుండా ఉండేదెలా?

దూసి_ప్యాసింజర్:

నమస్కారమండీ. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి విజయనగరానికి రోజూ రైల్లో వెళ్లి వచ్చే గుమాస్తా ఉద్యోగం. పొద్దున్న దీపం పెట్టి ఆదిత్య హృదయం, తర్వాత ఒక మాల (108 సార్లు) "శ్రీరామ జయరామ జయజయరామ". అంతా కలిపి పావుగంట. అంతవరకూ మనసు బాగానే నిలుస్తుంది. స్టేషన్‌కి చేరేసరికి సగం జారిపోతుంది, ఆఫీసులో మొదటి ఫైలు విప్పేసరికి పూర్తిగా పోతుంది. మళ్లీ దేవుడు గుర్తొచ్చేది రాత్రి పక్క మీద వాలాకే.

మూడు పద్ధతులు చూశాను. పని చేస్తూనే మనసులో నామం అనుకుంటే కూడికలు తప్పుతున్నాయి. ఇయర్‌ఫోన్లో రోజంతా భజనలు పెడితే వారం దాటాక చెవికి ఎక్కడం లేదు. ఫోన్లో గంటగంటకీ అలారం పెడితే ఎందుకు మోగిందో చూడకుండానే వేలు దాన్ని ఆపేస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఎక్కడ తప్పుతోంది? పని చెడకుండా రోజంతా ఆ తలపు ఉండాలంటే అసలు ఏటి చెయ్యాలి? "అంతా ఆయనే చూసుకుంటాడు" లాంటి జవాబులు వద్దు, దయచేసి పద్ధతి చెప్పండి.


గరివిడి_మాస్టారు:

బాబూ, మీ మూడు పద్ధతులూ చెడడానికి మూడు వేరే కారణాలు ఉన్నాయి. ముందు మొదటిది చూద్దాం.

మనసులో అనుకునే నామం కూడా మాటే. అంకెలు కూడటం, ఉత్తరం రాయడం, కౌంటర్ దగ్గర మనిషికి జవాబివ్వడం, ఇవీ మాటలే. ఒకే నోట రెండు మాటలు పలకనట్టే లోపలి నోటా పలకవు. నామం గట్టిగా పట్టుకుంటే కూడిక తప్పుతుంది, కూడిక పట్టుకుంటే నామం జారుతుంది. ఇందులో మీ భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

అందుకని రోజులోని పనుల్ని మూడు రకాలుగా విడదీసుకోండి. చేతి పని, మాట పని, ఎదురుచూపు.

చేతి పని అంటే ఊడవడం, బట్టలు మడవడం, నడవడం, ఫైళ్లకు దారం కట్టడం, ముద్రలు కొట్టడం. వీటికి నామం హాయిగా జతపడుతుంది, పని లయకు నామం లయ కలిసిపోతుంది. మీ దారిలోనే పొందూరు ఉంది కదా, అక్కడ ఖాదీ నూలు వడికేవాళ్ల చెయ్యి చూడండి. ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంటే ఇంకో చెయ్యి ఏకు లాగుతుంటుంది. అంత సన్నని నూలు తెగకుండా ఉండదు, తెగుతూనే ఉంటుంది. తెగిన కొసని మళ్లీ ఏకుకి ఆనించి మెలివేస్తారు, రాట్నం మళ్లీ తిరుగుతుంది. తెగిందని రాట్నం దగ్గర నుంచి లేచిపోయేవాళ్లు ఉండరు. నామం విషయంలో మాత్రం మనం లేచిపోతాం, మళ్లీ రేపు పొద్దున్న చూద్దాంలే అని.

మాట పనిలో నామాన్ని జొప్పించకండి. పనికి ముందొకసారి, తర్వాతొకసారి పెట్టుకోండి. ఫైలు విప్పేముందు చేతులు బల్ల మీద ఆనించి మూడు నామాలు. పని అయ్యాక మూసేటప్పుడు "కృష్ణార్పణం" అని ఒక్క మాట. రెండింటికీ కలిపి పాతిక సెకన్లు కూడా పట్టదు. రోజుకి ముప్పై ఫైళ్లు అనుకున్నా పన్నెండు నిమిషాలే. మధ్యలో మీ బుర్ర పూర్తిగా ఫైలు మీదే ఉండనివ్వండి. పని మొదలూ చివరా ఆయన దగ్గర ఉంటే మధ్యనున్నది కూడా ఆయన లెక్కలోకే వస్తుంది. గీత 8వ అధ్యాయం 7వ శ్లోకంలో "నన్ను స్మరించు" అన్న వెంటనే "యుద్ధమూ చెయ్యి" అని ఉంది. బాణం గురి తప్పినా పరవాలేదని అక్కడ ఎక్కడా లేదు.

ఇక మూడోది ఎదురుచూపు. మీ రోజులో అన్నిటికన్నా ఎక్కువ వృథా అవుతున్నది ఇదే అనిపిస్తోంది. ప్లాట్‌ఫాం మీద నిలబడటం, క్రాసింగ్ కోసం బండి ఆగిపోవడం, సర్వర్ రాకపోవడం, టీ చల్లారడం. ఈ చిన్న చిన్న ముక్కలన్నీ ఇప్పుడు ఫోన్‌కి పోతున్నాయి. వాటిలో సగం వెనక్కి తెచ్చుకున్నా మీరు అడిగినదానికి ముప్పాతిక జవాబు దొరికినట్టే.

రైలుకి ఇంకో సుళువుంది. దూసి, పొందూరు, సిగడాం, బాతువ, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల. ఈ స్టేషన్లనే పూసలనుకోండి. బండి కదిలిన ప్రతిసారీ నామం మొదలు. మీ పదమూడక్షరాల నామం ఒకటికి మూడు సెకన్ల చొప్పున మాలకి అయిదున్నర నిమిషాలు పడుతుంది. ఒక స్టేషన్‌కీ ఇంకోదానికీ మధ్య ఒక మాల చాలు. మిగిలిన కాసేపు కిటికీలోంచి చూస్తూ ఊరుకోండి, అదీ కావాలి. దిగాక స్టేషన్ దగ్గరే పైడితల్లి అమ్మవారి వనంగుడి ఉంది. లోపలికి వెళ్లే తీరిక లేని రోజున చెప్పులు వదిలి, అటు తిరిగి ఒక్క దండం పెట్టి ఆఫీసు దారి పట్టండి. ఇంటికీ ఆఫీసుకీ మధ్య అదొక గడప.


శ్రీకూర్మం_తీరం:

మాస్టారు చెప్పిన విభజన బాగుంది, కొత్తవాళ్లకి అదే సరైనది. ఒక్కచోట మాత్రం కొంచెం విభేదిస్తాను. స్మరణ అంతా మాటతోనే జరిగేది అన్నట్టు రాశారు. మాట కింద ఇంకో పొర ఉంటుంది. జ్వరంతో ఉన్న బిడ్డని ఇంట్లో వదిలి వచ్చిన తల్లి ఆఫీసులో లెక్కలన్నీ సరిగ్గానే వేస్తుంది. బిడ్డ పేరు లోపల జపించదు, అయినా బిడ్డని మరవదు.

మన సంప్రదాయంలో దీనికి తాబేలునే చూపిస్తారు. చేప చూపుతో, పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో పిల్లల్ని పెంచుతాయని పెద్దల మాట. తాబేలు గట్టు మీద ఇసుకలో గుడ్లు పెట్టి నీళ్లలోకి వెళ్లిపోయి, అక్కణ్ణుంచే వాటిని తలుచుకుంటుందట. (గుడ్లు పొదిగేది ఇసుక వేడి, తలపు కాదు. మన కళింగపట్నం తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే సముద్రపు తాబేళ్లని చూసినవాళ్లకి ఆ సంగతి తెలుసు. ఉపమానాన్ని ఉపమానంగానే తీసుకోండి.) శరీరం పని అనే నీళ్లలో, తలపు గట్టున. కూర్మనాథుడి ఊళ్లో ఉండి ఇది చెప్పకపోతే ఎలా. గీత 2వ అధ్యాయం 58వ శ్లోకంలో వచ్చే తాబేలు వేరు, అది అవయవాలను లోపలికి ముడుచుకునే తాబేలు. ఆ ముడుచుకోవడం పొద్దుటి పావుగంటకి, ఈ తలుచుకోవడం మిగతా రోజుకి.

ఆ కింది పొర ఊరికే రాదు, మాటతో బాట వెయ్యాలి. జపాన్ని మూడు రకాలంటారు. పక్కవాడికి వినబడేది వాచికం, పెదవులు మాత్రమే కదిలేది ఉపాంశువు, పెదవి కూడా కదలనిది మానసం. మానసం గొప్పదని చదివి అందరూ నేరుగా అక్కడికే దూకుతారు. మీ నామం జారిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మానసానికి ఆధారం ఏమీ ఉండదు కాబట్టి నిమిషంలో ఊహల్లో కలిసిపోతుంది. పొద్దుటి మాలలో మొదటి పాతిక నామాలు పైకి అనండి, తర్వాతి యాభై పెదవుల మీద, మిగిలినవి లోపల. నడుస్తున్నప్పుడు ఉపాంశువు చాలు. రోజు మధ్యలో జారిందనిపిస్తే మానసంతో కుస్తీ పట్టకుండా మళ్లీ పెదవుల మీదకి రండి.

రైల్లో మాల బయటికి తీసి తిప్పడం నాకు నచ్చదు. పదిమంది చూస్తారు, వాళ్లు చూస్తున్నారని మనమూ చూస్తాం, జపం అక్కడితో సరి. కరమాల, అంటే వేలి కణుపుల మీద బొటనవేలితో లెక్కపెట్టడం, నేర్చుకోండి. కుడిచేతి ఉంగరం వేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి దాని కింది కణుపు, తర్వాత చిటికెన వేలు కింద, నడుమ, పైన. అక్కణ్ణుంచి ఉంగరం వేలి పై కణుపు, నడిమి వేలి పై కణుపు, చూపుడు వేలు పైన, నడుమ, కింద. మొత్తం పది. నడిమి వేలి మిగిలిన రెండు కణుపులు మేరువు, బొటనవేలు వాటి మీదకి పోకూడదు. పదులు ఎడమచేత్తో లెక్క. పది పదులయ్యాక ఇంకో ఎనిమిది అంటే 108. వేళ్లు దగ్గరగా ఉండాలి, సందులు ఉండకూడదంటారు. అమ్మవారి మంత్రాలకి ఈ వరస మారుతుంది, ఉపదేశం ఉన్నవాళ్లు గురువు చూపినట్టే చెయ్యాలి. ఇంట్లో పూసల మాలకైతే నడిమి వేలూ బొటనవేలూ వాడి, చూపుడు వేలు దూరంగా ఉంచి, మేరుపూస (మాల కొసలు కలిసేచోటి పూస) దాకా వచ్చాక దాన్ని దాటకుండా మాల వెనక్కి తిప్పడం మీకు తెలిసే ఉంటుంది.

ఊపిరి మీద నామం పెట్టుకునేది ఇంకో దారి. లోపలికి "సో", బయటికి "హం". నిమిషానికి 15 ఊపిర్ల లెక్కన రోజుకి 21,600 అని శాస్త్రం లెక్క కట్టింది, అందుకే అజపం అన్నారు, మనం చెయ్యకపోయినా జరిగే జపం. ఒకటే షరతు: ఊపిరిని మార్చకండి. నామానికి సరిపడేలా ఊపిరిని సాగదీస్తే పది నిమిషాల్లో తల తిరుగుతుంది. ఊపిరి వస్తున్నప్పుడు గమనించడం, అంతే. బండి నడిపేటప్పుడు ఇది అస్సలు వద్దు, హైవే మీద కళ్లు రోడ్డు మీద ఉండటమే జపం.

ఉద్యోగం చేస్తూ ఇదంతా కుదురుతుందా అనేవాళ్లకి ఒక్క మాట. మా శ్రీకూర్మం గుడి శాసనాల్లో 1281 నాటిది నరహరితీర్థులది. మధ్వ పరంపరలో పీఠాధిపతి, కళింగంలో రాజ్యవ్యవహారాలు చూసినవారు కూడాను. ఆయన చూసిన ఫైళ్లు మనకన్నా తక్కువేం ఉండవు.


రాజాం_పిన్ని:

ఇద్దరూ ఆఫీసు గురించే రాశారు. ఈ ప్రశ్న చదివేవాళ్లలో సగంమంది వంటింట్లో ఉంటారు, వాళ్లకోసం కూడా రాస్తున్నాను. టైటిల్‌లో వంటిల్లు అని పెట్టి కింద దాని ఊసే ఎత్తలేదు, బాబూ!

వంట దాదాపుగా చేతి పనే కాబట్టి నామానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే మొదటి పావుగంటలో పెట్టకండి. ఏ కూర, ఎన్ని నీళ్లు, పిల్లల క్యారేజీలో ఏది, అవన్నీ మాట పని కిందే లెక్క. ఏం వండాలో తేలాక మొదలుపెట్టండి. బియ్యం మూడుసార్లు కడిగితే మూడు నామాలు, స్టవ్ వెలిగించేటప్పుడు ఒకటి, కూర తరగడం అంతా నామమే. గరిట తిప్పే పనులు, పాయసం, ఉప్మా, పెసరపప్పు హల్వా లాంటివి, వీటికి గరిట లయే తాళం. పోపు దగ్గర మాత్రం ఆపండి. ఆవాలు చిటపటలాడాక ఎండుమిర్చి మాడటానికి పట్టేది రెండు నామాలే.

పాలు పొయ్యి మీద పెట్టి పూజగదిలోకి వెళ్లడం మానండి. పొంగిపోయిన పాలకి చేసే శాంతి కన్నా పొయ్యి పక్కన నిలబడి చేసే జపం సుఖం.

వండింది విస్తట్లోకి వెళ్లేముందు చెంచాడు పక్కకి తీసి లోపలే నైవేద్యం అనుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కోసమే వంట అంతా సాగిందని మనసుకి తెలిస్తే, కూరలో ఉప్పు సరిపోయిందా అని రుచి చూడటానికి ముందే చెయ్యి తనంతట తాను ఆగుతుంది. భోజనం దగ్గర మొదటి ముద్దకి ఫోనూ టీవీ లేకుండా చూసుకోండి. అంతా కుదరకపోతే మొదటి మూడు ముద్దలే.

రోజంతా భజనలు మోగించడం గురించి. చెవి దాన్ని ఫ్యాను చప్పుడులా పక్కన పెట్టేస్తుంది, మీకు జరిగింది అదే. దానికన్నా ఒకే స్తోత్రం, ఒకే వేళకి, ఒక్కసారి. విష్ణు సహస్రనామానికి అరగంట దగ్గరగా పడుతుంది, హనుమాన్ చాలీసాకి పది నిమిషాలు. సాయంత్రం దీపం వేళకి ఒకటి పెట్టి, అది మోగినంతసేపూ వేరే మాట లేకుండా వినండి. ఆ తర్వాత ఆపెయ్యండి. ఆపిన తర్వాత కాసేపు అది లోపల మోగుతుంది, మనకు కావాల్సింది ఆ మోతే.


దూసి_ప్యాసింజర్:

పిన్నీ, తప్పు నాదే, రాత్రి వంట నాదే కాబట్టి టైటిల్‌లో పెట్టి కింద మరిచాను. మాస్టారూ, శ్రీకూర్మం గారూ, చాలా కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. స్నానం కాకుండా, బాత్రూంలో, మైలలో నామం అనుకోవచ్చా? పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు. రెండోది, గట్టిగా పట్టుకుని జపం చేస్తే కనుబొమ్మల మధ్య లాగి తలనొప్పి వస్తోంది.


నాగావళి_గట్టు:

రెండూ చాలామందికి వచ్చే ఇబ్బందులే.

మొదటిది: నామం వేరు, మంత్రం వేరు. గురువు చెవిలో చెప్పిన మంత్రానికి స్నానం, ఆసనం, సంఖ్య, మైల నియమాలు ఉంటాయి, అవి ఆ గురువు చెప్పినట్టే. రామ, కృష్ణ, గోవింద, శివ లాంటి నామానికి ఆ కట్టుబాట్లు లేవు. పూజ మొదట్లో అందరూ చెప్పుకునే "అపవిత్రః పవిత్రో వా" శ్లోకం అర్థమే అది, ఏ స్థితిలో ఉన్నా పుండరీకాక్షుణ్ణి స్మరించినవాడు లోపలా బయటా శుచి అని. ఆడవాళ్లు నెలసరి రోజుల్లో పూజగది, మడి విషయంలో తమ ఇంటి ఆచారం పాటించుకోవచ్చు, స్మరణ మానక్కర్లేదు. బాత్రూంలో నోటితో అనకుండా లోపల అనుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

రెండోది: కనుబొమ్మల మధ్య నొప్పి అంటే నామాన్ని అక్కడ నొక్కి పెడుతున్నారన్నమాట. మనకి తెలియకుండానే కళ్లు పైకి లాగి, దవడ బిగించి, ఊపిరి పట్టేస్తాం. నామాన్ని గుండె దగ్గరికో, నాలుక కొసకో దించండి. పళ్లు అంటుకోకుండా నాలుకని వదులుగా ఉంచండి. మాల మధ్యలో రెండుసార్లు దవడ వదులుగా ఉందో లేదో చూసుకోండి. వారంలో తగ్గాలి, తగ్గకపోతే కళ్లజోడు నంబరు చూపించుకోండి. అన్నిటికీ సాధనే కారణం కాదు.

ఇంకొన్ని చోట్ల కూడా జారుతుంది. భోజనం అయ్యాక మానస జపం నిద్రలోకి తీసుకెళ్తుంది, ఆ వేళ నడుస్తూ చెయ్యాలి. నామం యంత్రంలా తిరుగుతూ మనసు ఇంకెక్కడో ఉంటే వేగం సగానికి తగ్గించండి. అర్థం మీద ఒక్కసారి నిలిస్తే మళ్లీ దారిలో పడుతుంది. సంఖ్య పిచ్చి కూడా ఉంటుంది, లక్ష అయిపోవాలన్న తొందరలో అక్షరాలు మింగేస్తారు. ఇంట్లోవాళ్లు పిలిస్తే "జపంలో ఉన్నాను" అని విసుక్కోవడం మరీ చెడ్డది. విసుగొచ్చిందంటే స్మరణ ఆ పిలుపుకి ముందే పోయిందని అర్థం. లేచి వెళ్లి వాళ్ల పని చూసి, కృష్ణార్పణం అని వచ్చి కూర్చోండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. నామం ఆపుదామన్నా ఆగకుండా తిరుగుతూ రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరో మాట్లాడినట్టు గొంతులు వినిపించినా, తిండి మానేసి కూర్చున్నా దాన్ని సిద్ధి అనుకోవద్దు. జపం ఆపి డాక్టరుకి చూపించాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి.


గరివిడి_మాస్టారు:

శ్రీకూర్మం గారి బిడ్డ ఉపమానానికి ఒప్పుకుంటున్నాను, అక్కడ నేను చెప్పింది పొట్టిదే. అయితే ఆ తల్లి తలపు ఆపమన్నా ఆగదు, మనది నిలవమన్నా నిలవదు. తేడా అక్కడుంది. అందుకే మాటలతో మొదలు.

బాబూ, మీ అలారం సంగతి మిగిలిపోయింది. గడియారం మీ పని తీరిక చూడదు కదా, సరిగ్గా కూడిక మధ్యలో మోగుతుంది. చెయ్యి ఆపడం నేర్చుకుంటుంది, బుర్ర దాకా రానివ్వదు. వేళకి కట్టకుండా పనికి కట్టండి. కుర్చీలో కూర్చోవడం, నీళ్ల సీసా మూత తియ్యడం, గడప దాటడం, ఫోను మోగడం. వీటిలో మొదటి వారం ఒక్కటే తీసుకోండి. కూర్చున్న ప్రతిసారీ ఒక నామం, అంతే. అది మరిచిపోకుండా వస్తోందనిపించాక రెండోది. ఒక మండలం, అంటే నలభై రోజుల్లో, నాలుగైదు కన్నా ఎక్కువ కట్టకండి. మొదటిరోజే ఇరవై పెట్టుకున్నవాళ్లు మూడోరోజుకి అన్నీ వదిలేస్తారు. ఫోను వాల్‌పేపర్ మీద దేవుడి బొమ్మ కూడా పదిరోజులకి కంటికి ఆనదు, మారుస్తూ ఉండాలి.

లెక్క కావాలంటే చొక్కా ఎడమ జేబులో పది చింతపిక్కలు వేసుకోండి. "అరె, మరిచిపోయానే" అని గుర్తొచ్చిన ప్రతిసారీ ఒక పిక్క కుడి జేబులోకి. మరిచిన సేపు లెక్క కాదు, తిరిగొచ్చిన సార్లు లెక్క. నామాలు ఎన్నయ్యాయో రాసుకోకుండా రాత్రి పడుకునేముందు కుడి జేబులోవి చూసి ఆ అంకె ఒక్కటే రాసుకోండి. మొదటివారం రెండో మూడో ఉంటాయి, తక్కువని బాధపడక్కర్లేదు. పదీ కుడి జేబులోకి చేరుతున్నాక పిక్కలు మానేసినా పరవాలేదు. మన జిల్లా కదా అని పచ్చి జీడిపిక్కలు మాత్రం వేసుకోకండి, జీడి అంటుకుని చెయ్యి పొక్కిపోతుంది.

సాయంత్రం బండి సంగతి వేరు. పొద్దుటంత ఓపిక ఉండదు, నెల్లిమర్ల దాటేసరికే కళ్లు మూతపడతాయి. అప్పుడు మాలలు పెట్టుకోకండి. ఎక్కగానే పదకొండు నామాలు అనుకుని, ఆ రోజు చేసిన పనంతా ఆయనకి అప్పజెప్పి కునుకు తియ్యండి. పొందూరులో అలారం పెట్టుకోండి, ఆ ఒక్కచోట అలారమే మంచిది. దూసి తర్వాత కూడా లేవకపోతే మీ దండం పలాసలో పెట్టుకోవాల్సి వస్తుంది.